పంటల పట్టిక – పసిపిల్లల పగటి సంరక్షణ

వరి నాట్లు, కలుపుతీత, పత్తి తీత, మిరప కోత, వేరుశనగ కాయ తెంపడం వంటి పనులు తెలుగు రాష్ట్రాల సేద్యంలో నేటికీ ప్రధానంగా స్త్రీల చేతి శ్రమపైననే ఆధారపడి ఉన్నాయి. ఈ స్త్రీలలో గణనీయమైన భాగం చిన్నపిల్లల తల్లులు. ఏ పంటకైనా రూపొందించే సాగు సిఫారసుల్లో విత్తన మోతాదు, ఎరువుల మోతాదు, నీటి తడుల సంఖ్య, కూలీల సంఖ్య స్పష్టంగా ఉంటాయి. ఆ కూలీ తల్లి పొలంలో ఉన్న ఎనిమిది గంటలూ ఆమె బిడ్డ ఎవరి వద్ద ఉండాలన్న ప్రశ్న మాత్రం సిఫారసుల్లోనూ, సాగు ఖర్చుల లెక్కల్లోనూ కనిపించదు. ఆ భారం కుటుంబానిదేనని, ముఖ్యంగా తల్లిదేనని భావించి వదిలివేయడం ఆనవాయితీగా వస్తున్నది.

పసిపిల్లల పగటి సంరక్షణను స్త్రీ శిశు సంక్షేమ శాఖకు సంబంధించిన అంశంగా మాత్రమే చూడడం వలన ఒక ముఖ్యమైన సంగతి మరుగున పడుతున్నది. గ్రామంలో పిల్లల సంరక్షణ అవసరం ఏడాది పొడవునా ఒకే తీరున ఉండదు. అది పంటల పట్టికను అనుసరించి పెరుగుతుంది, తగ్గుతుంది. ఏ నెలలో, ఏ వారంలో, రోజులో ఏ వేళకు ఎంతమంది తల్లులు పొలంలో ఉంటారో ముందుగా చెప్పగల సమాచారం సేద్య విజ్ఞాన శాస్త్రం వద్దనే ఉన్నది. ఈ సమాచారాన్ని శిశు సంరక్షణకు ఏ విధంగా ఉపయోగించవచ్చునో వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

శ్రమ ఒత్తిడి ఎప్పుడు, ఎంత?

వరిలో మధ్యకాలిక రకాలకు 25 నుంచి 30 రోజుల వయసు గల నారును నాటడం శ్రేయస్కరం. నారు ముదిరిన కొద్దీ పిలకల సంఖ్య తగ్గి దిగుబడి దెబ్బతింటుంది. కాలువకు నీరు వదలిన తరువాత ఒక ఆయకట్టులోని పొలాలన్నీ దాదాపు ఒకే సమయంలో దమ్ముకు సిద్ధమవుతాయి. ఎకరా నాటుకు సాధారణంగా పది నుంచి పన్నెండు మంది అవసరమవుతారు. అందువలన రెండు మూడు వారాలపాటు గ్రామంలో పనిచేయగల స్త్రీలందరూ పొలంలోనే ఉంటారు. నాటిన తరువాత మొదటి 40 రోజులు వరికి కలుపు పోటీ తీవ్రంగా ఉండే దశ. చేతితో కలుపు తీసే చోట నాటిన 20వ రోజు, 40వ రోజు ప్రాంతాల్లో మరల శ్రమ ఒత్తిడి ఏర్పడుతుంది. పత్తిలో ఈ దశ సుమారు 60 రోజుల వరకు కొనసాగుతుంది. అక్టోబరు నుంచి జనవరి వరకు పత్తి తీత, జనవరి నుంచి మార్చి వరకు మిరప కోత విడతలు విడతలుగా సాగుతాయి.

రోజులోని పని వేళలు కూడా పనిని బట్టి మారుతాయి. నాట్లకు వెళ్లే స్త్రీలు ఉదయం ఎనిమిది, తొమ్మిది గంటలకు బయలుదేరి సాయంత్రం ఐదు దాటిన తరువాత ఇల్లు చేరతారు. పత్తిని ఉదయపు మంచు ఆరిన తరువాతనే తీయాలి కనుక పని ఆలస్యంగా మొదలై పొద్దుగూకే వరకు సాగుతుంది. వేసవి పంటల్లో ఎండకు జడిసి తెల్లవారుజామునే పనిలోకి దిగి మధ్యాహ్నానికి ముగిస్తారు. పొలం ఊరికి దూరమైనప్పుడు ఆటోలో రానుపోను పట్టే గంట, గంటన్నర కాలాన్ని కూడా దీనికి కలపవలసి ఉంటుంది. కాబట్టి ఏడాది పొడవునా ఒకే వేళకు తెరచి ఒకే వేళకు మూసివేసే కేంద్రం వ్యవసాయ కూలీ తల్లికి కొంతకాలం మాత్రమే అక్కరకు వస్తుంది.

ఆ వేళల్లో బిడ్డ ఎక్కడ?

తల్లి పనికి వెళ్లినప్పుడు బిడ్డ సాధారణంగా నాలుగు చోట్లలో ఒకచోట ఉంటుంది. మొదటిది అమ్మమ్మ లేదా నాయనమ్మ వద్ద. వయసు మళ్లినవారు సైతం నాట్ల రోజుల్లో కూలికి వెళ్లే కుటుంబాల్లో ఈ ఆసరా సరిగ్గా అవసరమైన వారాల్లోనే లభించదు. రెండవది అక్క వద్ద. ఎనిమిది, పదేళ్ల బాలిక చెల్లెలినో తమ్ముడినో చంకనెత్తుకొని ఇంటివద్ద ఉండిపోతే ఆమె చదువు ఆ మేరకు వెనుకబడుతుంది. ఆరు నుంచి పద్నాలుగేళ్ల పిల్లలకు 2009 నాటి విద్యాహక్కు చట్టం కల్పించిన హక్కు, ఇంట్లో పసిబిడ్డను చూసేవారు లేనందువలన ఆచరణలో చేజారుతున్నది. బడి హాజరు పట్టీని పంటల పట్టిక పక్కన పెట్టి చూస్తే ఈ సంబంధాన్ని ఏ గ్రామంలోనైనా పరిశీలించవచ్చును.

మూడవది అంగన్‌వాడీ కేంద్రం. సమగ్ర శిశు అభివృద్ధి పథకం 1975 అక్టోబరు 2న దేశంలోని 33 ప్రాజెక్టులలో ప్రారంభమై నేడు దాదాపు ప్రతి గ్రామానికీ విస్తరించింది. అయితే దాని నిర్మాణంలోనే ఒక ఖాళీ ఉన్నది. మూడు నుంచి ఆరేళ్ల పిల్లలు కేంద్రానికి వచ్చి ఆటపాటలతో కూడిన పూర్వప్రాథమిక విద్యను, వేడి భోజనాన్ని పొందుతారు. ఏడు నెలల నుంచి మూడేళ్ల లోపు పిల్లలకు ప్రధానంగా ఇంటికి తీసుకువెళ్లే పోషకాహారం మాత్రమే అందుతుంది. తెలుగు రాష్ట్రాల్లో బాలామృతం పేరిట నెలకు 2.5 కిలోల పొట్లం ఇచ్చే విధానం ఇటువంటిదే. గోధుమ, శనగపప్పు, పాలపొడి, నూనె, చక్కెర కలిపిన ఈ పిండి పోషక విలువలు గలదే. పిండి ఇంటికి చేరినప్పటికీ దానిని రోజుకు మూడు నాలుగు సార్లు కలిపి ఓపికగా తినిపించే మనిషి పగటిపూట ఇంట్లో ఉండకపోవడమే సమస్య.

నాలుగవది పొలం గట్టు. చెట్టుకొమ్మకు చీరతో ఉయ్యాల కట్టి బిడ్డను పడుకోబెట్టి తల్లి మడిలోకి దిగుతుంది. ఆరు నెలల లోపు బిడ్డకు తల్లిపాలు తప్ప మరే ఆహారమూ, నీరు సైతం అవసరం లేదు కనుక బిడ్డను వెంట తెచ్చుకోవడం ఒక విధంగా సహేతుకమైనదే. నడక నేర్చిన తరువాత మాత్రం ఆ గట్టే ప్రమాదాలకు నెలవవుతుంది.

పొలంలో పొంచి ఉన్న ప్రమాదాలు

మొదటి ప్రమాదం నీరు. ఒడ్డులేని బావులు, పంట కాలువలు, చెరువులు, ప్లాస్టిక్ పట్టా పరచిన నీటి కుంటలు నడక నేర్చిన బిడ్డకు ప్రాణాంతకాలు. పట్టా పరచిన కుంటలో జారిన వ్యక్తి, పెద్దవారైనప్పటికీ, పైకి ఎక్కిరావడం కష్టం. ప్రపంచవ్యాప్తంగా నీట మునిగి మరణించేవారిలో ఒకటి నుంచి నాలుగేళ్ల పిల్లల రేటు అత్యధికమని ప్రపంచ ఆరోగ్య సంస్థ గుర్తించింది. నివారణకు అది సూచించిన ప్రధాన చర్యల్లో నీటికి దూరంగా పర్యవేక్షణ గల శిశు సంరక్షణ ఏర్పాటు ఒకటి.

రెండవది పురుగుమందులు. శరీర బరువుతో పోల్చినప్పుడు పసిపిల్లలు పెద్దలకంటే ఎక్కువ గాలి పీలుస్తారు, ఎక్కువ నీరు, ఆహారం తీసుకుంటారు. నేలపై పాకుతారు, దొరికినదానిని నోట పెట్టుకుంటారు. అందువలన పక్క పొలంలో పిచికారీ చేసిన మందు గాలివాటున వచ్చినా, ఖాళీ డబ్బా గట్టున పడి ఉన్నా ముందుగా ముప్పు వాటిల్లేది వారికే. మందు కొట్టిన చేలో పనిచేసిన తల్లి దుస్తుల ద్వారా కూడా అవశేషాలు బిడ్డను చేరతాయి. చేతులు, రొమ్ము శుభ్రంగా కడుక్కొని, పైవస్త్రం మార్చుకొని పాలివ్వడం కనీస జాగ్రత్త. మిరప కల్లాల్లోనూ, తొడిమలు తీసే షెడ్లలోనూ ఘాటు ధూళి పిల్లల కళ్లను, శ్వాసనాళాలను బాధిస్తుంది.

పాములు, తేళ్లు, ఎండ తీవ్రత, వర్షంలో తడవడం, ట్రాక్టర్లు, కోత యంత్రాల రాకపోకలు ఇతర ప్రమాదాలు. వీటిలో ఏ ఒక్కటీ తల్లి నిర్లక్ష్యం వలన కలిగేది కాదు. వంగి నాటు వేస్తూ వరుసతో పాటు వెనుకకు జరిగే స్త్రీ గట్టుమీది ఉయ్యాలను కనిపెట్టి ఉండడం సాధ్యం కాదు. ఆమె వరుసలో వెనుకబడితే పక్కవారి పని కూడా ఆగుతుంది.

ఆహారం: ఎక్కువ నష్టం జరిగేది ఇక్కడే

ప్రమాదాలు కంటికి కనిపిస్తాయి. ఎదుగుదల లోపం నెమ్మదిగా, కనబడకుండా జరుగుతుంది. ఆరు నెలలు నిండిన బిడ్డకు తల్లిపాలతో పాటు అనుబంధాహారం మొదలుపెట్టాలి. తల్లిపాలు తాగే బిడ్డకు అనుబంధాహారం ద్వారా అందవలసిన శక్తి 6–8 నెలల వయసులో రోజుకు సుమారు 200 కిలో కేలరీలు, 9–11 నెలల్లో 300, 12–23 నెలల్లో 550 కిలో కేలరీలు. బిడ్డ పొట్ట చిన్నది కనుక దీనిని ఒకటి రెండు సార్లలో తినిపించలేరు. 6–8 నెలల్లో రోజుకు రెండు మూడు సార్లు, 9 నెలల తరువాత మూడు నాలుగు సార్లు, మధ్యలో ఒకటి రెండు చిరుతిళ్లు అవసరమని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన.

తల్లి ఉదయం ఏడు గంటలకు ఒకసారి తినిపించి వెళ్లి, సాయంత్రం ఆరు గంటలకు తిరిగివచ్చి మరల తినిపిస్తే మధ్యలో పదకొండు గంటలు గడుస్తాయి. ఇంట్లో బియ్యం, పప్పు, గుడ్డు ఉన్నప్పటికీ ఆ బిడ్డకు చాలినంత ఆహారం అందదు. నాట్ల కాలం వర్షాకాలం కావడం మరొక చిక్కు. కలుషిత నీటి వలన విరేచనాలు ప్రబలే రోజులు, తల్లులు అత్యధికంగా పొలంలో ఉండే రోజులు ఒకటే కావడంతో బిడ్డ రెండు విధాలా నష్టపోతుంది. జీవితంలోని మొదటి రెండు మూడేళ్లలో జరిగిన ఈ నష్టాన్ని తరువాత పూడ్చడం కష్టం. అందువలన ఆరు నెలల నుంచి మూడేళ్ల వయసు పిల్లల పగటి సంరక్షణే మొత్తం సమస్యకు కేంద్రబిందువు.

చట్టాలు ఏ మేరకు ఆదుకున్నాయి?

పనిచేసే తల్లుల పిల్లలకు సంరక్షణ కల్పించడం యజమాని బాధ్యత అన్న సూత్రం భారతదేశంలో కొత్తది కాదు. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 30 మందికి మించి స్త్రీలు పనిచేసే కర్మాగారాల్లో ఆరేళ్ల లోపు పిల్లల కొరకు శిశు సంరక్షణ గదిని తప్పనిసరి చేసింది. 1951 నాటి తోటల కార్మికుల చట్టం 50 లేదా అంతకు మించి స్త్రీ కార్మికులున్న తేయాకు, కాఫీ, రబ్బరు వంటి తోటలకు ఇదే బాధ్యతను విధించింది. బీడీ కార్మికులకు 1966లోనూ, భవన నిర్మాణ కార్మికులకు 1996లోనూ ఇటువంటి నిబంధనలే వచ్చాయి. 2017లో ప్రసూతి ప్రయోజనాల చట్టానికి చేసిన సవరణ 50 లేదా అంతకు మించి ఉద్యోగులు గల సంస్థలన్నింటికీ దీనిని వర్తింపజేసి, తల్లి రోజుకు నాలుగుసార్లు బిడ్డను చూసివచ్చే వీలు కల్పించింది.

ఈ చట్టాలన్నింటికీ ఒక యజమాని, ఒక పనిస్థలం, నిర్ణీత సంఖ్యలో కార్మికులు ఆధారం. వరి నాటే స్త్రీ ఈ రోజు ఒక రైతు పొలంలో, రేపు మరొక రైతు పొలంలో పనిచేస్తుంది. ఆ రైతు రెండు మూడు ఎకరాల కమతదారు కావచ్చు, కౌలుదారు కావచ్చు. ఆయనకు ఆ పని ఉండేది ఒకటి రెండు రోజులే. కాబట్టి దేశంలో అత్యధిక సంఖ్యలో స్త్రీలు పనిచేసే వ్యవసాయ రంగానికి ఈ చట్టాలేవీ ఆచరణలో చేరలేదు.

2005 నాటి జాతీయ గ్రామీణ ఉపాధి హామీ చట్టం ఈ విషయంలో ఒక ముందడుగు. పనిస్థలానికి తల్లుల వెంట వచ్చిన ఆరేళ్ల లోపు పిల్లలు ఐదుగురు లేదా అంతకు మించి ఉన్నట్లయితే, అక్కడి స్త్రీలలో ఒకరిని వారి సంరక్షణకు నియమించి ఆమెకు కూడా కూలి చెల్లించాలని ఆ చట్టం రెండవ షెడ్యూలులో పొందుపరచారు. అమలు ఎట్లున్నప్పటికీ, పిల్లలను చూసుకోవడం మట్టి తవ్వడంతో సమానమైన పని అని, దానికి కూలి చెల్లించాలని చట్టం అంగీకరించడం విశేషం. ఈ సూత్రాన్ని వ్యవసాయ పనులకు వర్తింపజేయడానికి సాంకేతికంగా ఏ అడ్డంకీ లేదు.

ఆచరణలో నిలిచిన నమూనాలు

1969లో ఢిల్లీలోని రాజ్‌ఘాట్ వద్ద గాంధీ శతజయంతి ప్రదర్శన నిర్మాణ స్థలంలో కూలీల పిల్లల దుస్థితిని చూసి మీరా మహదేవన్ ఒక గుడారంలో ప్రారంభించిన కేంద్రమే మొబైల్ క్రెషెస్ సంస్థకు ఆరంభం. పని ఎక్కడికి కదిలితే సంరక్షణ కేంద్రం అక్కడికి కదలాలన్న భావన దాని పేరులోనే ఉన్నది. గుజరాత్‌లోని ఖేడా జిల్లాలో పొగాకు పనులు చేసే స్త్రీల పిల్లల కొరకు సేవా సంస్థ నడిపిన కేంద్రాలు తల్లుల పని వేళలను బట్టి తమ వేళలను నిర్ణయించుకున్నాయి. ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పూర్ ప్రాంతంలో జన స్వాస్థ్య సహయోగ్ సంస్థ నెలకొల్పిన ఫుల్వారీలు ఆరు నెలల నుంచి మూడేళ్ల పిల్లలకే ఉద్దేశించినవి. గూడెంలోని స్త్రీలే వాటిని నడుపుతారు. సత్తు పిండి, కిచిడీ వంటి స్థానిక ఆహారాన్ని పగటిపూట పలుమార్లు తినిపిస్తారు.

వరి, చెరువులు, కాలువలతో కోస్తా జిల్లాలను పోలిన బంగ్లాదేశ్ అనుభవం ప్రత్యేకంగా గమనించదగినది. పిల్లలు నీట మునిగే ప్రమాదాలు తల్లులు పనిలో ఉండే ఉదయం తొమ్మిది నుంచి ఒంటిగంట మధ్య ఎక్కువగా జరుగుతున్నట్లు గుర్తించి, సరిగ్గా ఆ వేళల్లోనే నడిచే ‘ఆంచల్’ అనే సామూహిక కేంద్రాలను అక్కడ రూపొందించారు. కేంద్రాలకు వచ్చిన పిల్లల్లో మునక మరణాలు బాగా తగ్గినట్లు తేలడంతో 2022లో అక్కడి ప్రభుత్వం 8,000 కేంద్రాల పథకాన్ని ఆమోదించింది. రోజుకు నాలుగు గంటల సంరక్షణ, ప్రమాదపు వేళను సరిగ్గా గుర్తించినందువలన, ప్రాణాలు నిలపగలిగింది.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో గ్రామీణ పేదరిక నిర్మూలన సంస్థ ఆధ్వర్యంలో మహిళా సమాఖ్యలు పోషకాహార దినసంరక్షణ కేంద్రాలను నిర్వహించాయి. కర్ణాటక ప్రభుత్వం 2023 నుంచి గ్రామ పంచాయతీల్లో ‘కూసిన మనె’ పేరిట గ్రామీణ శ్రామిక స్త్రీల పిల్లలకు సంరక్షణ కేంద్రాలను ఏర్పాటు చేస్తున్నది. కేంద్ర ప్రభుత్వం జాతీయ శిశు సంరక్షణ పథకాన్ని 2022లో మిషన్ శక్తి కింద ‘పాల్నా’గా మార్చి అంగన్‌వాడీలతో జోడించింది. కాబట్టి నిర్మాణానికి అవసరమైన పునాది పూర్తిగా లేకపోలేదు. దానిని పంటల కాలానికి అనుగుణంగా మలచడమే మిగిలిన పని.

సాగు లెక్కలో సంరక్షణ ఖర్చు

ఎకరాకు 12 మంది చొప్పున 24 మంది స్త్రీల బృందం రోజుకు రెండెకరాలు నాటుతుందని అనుకుంటే పది రోజుల్లో 20 ఎకరాల నాటు పూర్తవుతుంది. పిల్లలను చూసేవారు లేక వారిలో ముగ్గురు రాలేకపోతే రోజుకు పావు ఎకరా చొప్పున పది రోజుల్లో రెండున్నర ఎకరాల నాటు వెనుకబడుతుంది. ఆ రెండున్నర ఎకరాల్లో నారు ముదురుతుంది, తరువాతి కలుపు, ఎరువు పనులు కూడా వెనుకకు జరుగుతాయి.

అదే బృందంలోని పిల్లల సంరక్షణకు మరొక స్త్రీని అదే కూలిపై నియమిస్తే అదనపు ఖర్చు 24 కూలీలకు ఒక కూలి, అనగా నాటు కూలి ఖర్చుపై సుమారు నాలుగు శాతం. ఎకరాకు లెక్కిస్తే సగం కూలి. పసిపిల్లలు ఎక్కువగా ఉండి ఇద్దరిని నియమించవలసి వచ్చినా ఎకరాకు ఒక కూలి మించదు. గుత్తకు నాటే చోట ఎకరా గుత్తలోనే సంరక్షకురాలికి ఒక వాటా చేర్చి, ఆ మేరకు గుత్తను సవరించుకోవచ్చు. చిన్న రైతుపై ఈ భారం మోపడం సమంజసం కాదనుకుంటే గ్రామ సమాఖ్య, పంచాయతీ కొంత భరించవచ్చు. ఎవరు భరించినప్పటికీ, ఈ వ్యయాన్ని సాగు ఖర్చుల పట్టికలో ఒక అంశంగా చూపడం మొదటి మెట్టు. లెక్కలో లేని ఖర్చు లేనట్లు కాదు. ప్రస్తుతం దానిని తల్లి కోల్పోయిన కూలి రూపంలోనూ, అక్క కోల్పోయిన బడి రూపంలోనూ, బిడ్డ ఆరోగ్యం రూపంలోనూ కుటుంబమే చెల్లిస్తున్నది.

పంటల పట్టికతో అనుసంధానం: ఆచరణ క్రమం

మొదట గ్రామంలోని ప్రధాన పంటలు, విస్తీర్ణం, నీటి విడుదల తేదీల ఆధారంగా వారాలవారీగా స్త్రీ శ్రమ అవసరాన్ని అంచనా వేయాలి. ఈ పట్టిక పక్కనే అంగన్‌వాడీ రిజిస్టరు నుంచి ఆరు నెలల లోపు, ఆరు నెలల నుంచి మూడేళ్లు, మూడు నుంచి ఆరేళ్ల పిల్లల సంఖ్యను వేరువేరుగా చేర్చాలి. దీనితో ఏ వారాల్లో ఎన్ని గంటల సంరక్షణ, ఎంతమంది పిల్లలకు కావాలో తెలుస్తుంది.

రెండవది వేళలు. నాట్ల వారాల్లో కేంద్రం తల్లులు బయలుదేరడానికి అరగంట ముందు తెరచి, వారు తిరిగివచ్చిన తరువాతనే మూయాలి. అంగన్‌వాడీ కార్యకర్తకు ఇప్పటికే పనిభారం అధికం కనుక పెరిగిన వేళలను ఆమెపై మోపకుండా, సమాఖ్య నుంచి శిక్షణ పొందిన ఇద్దరు ముగ్గురు స్త్రీలను ఆ రోజులకు కూలిపై నియమించడం ఉచితం. మూడేళ్ల లోపు పిల్లలు పదిమంది దాటితే ఒకరి చేతుల మీదుగా సంరక్షణ సాధ్యపడదు.

మూడవది స్థలం. ఆరు నెలల లోపు బిడ్డకు రెండు మూడు గంటలకొకసారి తల్లిపాలు అవసరం. పిండి నిల్వచేసిన తల్లిపాలు చల్లని గది ఉష్ణోగ్రతలో కూడా నాలుగు గంటలకు మించి నిలవవు. మన వేసవిలో ఆ వ్యవధి ఇంకా తక్కువ. కనుక ఈ వయసు బిడ్డల విషయంలో తల్లి పనిచేసే చోటికి సమీపంలో నీడగల స్థలం, పాలిచ్చేందుకు కూలి కోత లేని విరామం ఉండాలి. పొలం దూరమైనప్పుడు బోరు షెడ్డు, కళ్లం వద్ద పాక, తాత్కాలిక పందిరి వంటివి ఉపయోగపడతాయి. ఆ స్థలానికి బావి, కాలువ, కుంట దూరంగా ఉండాలి. చుట్టూ వెదురు తడిక కట్టాలి. కాచి చల్లార్చిన నీరు, ఓఆర్‌ఎస్ పొట్లాలు అందుబాటులో ఉంచాలి. ఆ రోజు ఆ పరిసరాల్లో మందు పిచికారీ లేకుండా రైతులతో ముందుగా మాట్లాడుకోవాలి.

నాలుగవది ఆహారం. బాలామృతం, ఉడికించిన పప్పన్నం, నూనె, గుడ్డు, ఆకుకూర, అరటిపండు వంటివి రెండున్నర, మూడు గంటలకొకసారి తినిపించే విధంగా వేళల పట్టిక ఉండాలి. ఇంటికిచ్చే పిండిలో పగటి వాటాను సంరక్షణ స్థలానికి చేర్చినా ఫలితం కనిపిస్తుంది. నెలకొకసారి బరువు తూచి నమోదు చేస్తే నాట్ల నెలలో బరువు నిలిచిపోయిన బిడ్డలను గుర్తించవచ్చు.

వలస కూలీల సంగతి వేరుగా చూడాలి. కర్నూలు జిల్లా పశ్చిమ మండలాల నుంచి కుటుంబాలతో సహా గుంటూరు, పల్నాడు ప్రాంతాలకు మిరప కోతలకు వెళ్లేవారి పిల్లలు స్వగ్రామపు అంగన్‌వాడీకి దూరమవుతారు. వారు బసచేసే ఊరి కేంద్రంలో వారి పేర్లు ఉండవు. కోతల కాలంలో ఆ ఊళ్లలో తాత్కాలిక నమోదు, తాత్కాలిక సంరక్షణ స్థలం ఏర్పాటు చేయడం అత్యవసరం.

సేద్య పద్ధతుల ఎంపిక ప్రభావం

సాగు పద్ధతి మారితే సంరక్షణ అవసరం కూడా మారుతుంది. నారుమళ్లను వారం పది రోజుల తేడాతో దఫాలుగా పోయిస్తే గ్రామంలో శ్రమ ఒత్తిడి సమంగా పంచబడుతుంది, సంరక్షణ కేంద్రంపై ఒకేసారి భారం పడదు. డ్రమ్ సీడరుతో నేరుగా విత్తితే నాట్ల ఒత్తిడి తొలగుతుంది కాని తొలి దశ కలుపు సమస్య పెరుగుతుంది. చేతితో కలుపు తీయించే చోట ఒత్తిడి ఆ వారాలకు మారుతుంది. నాటు యంత్రాలు, కలుపు మందుల వలన సంరక్షణ అవసరం తగ్గినట్లు కనిపించినా, కోల్పోయిన పనిదినాల కొరకు స్త్రీలు దూర గ్రామాలకు వెళ్లవలసివస్తే బిడ్డకు, తల్లికి మధ్య దూరం మరింత పెరుగుతుంది. అందువలన కొత్త పద్ధతిని మూల్యాంకనం చేసేటప్పుడు ఆదా అయిన కూలీల సంఖ్యతో పాటు, ఆ కూలీలు ఎవరు, వారి పనివేళలు ఎట్లా మారాయి అన్నదానిని కూడా నమోదు చేయడం అవసరం.

విస్తరణ శాస్త్రవేత్తలు, విద్యార్థులు చేయదగినవి

కృషి విజ్ఞాన కేంద్రాలు, ఏరువాక కేంద్రాలు ఏటా రూపొందించే జిల్లా పంట ప్రణాళికలో వారాలవారీ స్త్రీ శ్రమ పట్టికను చేర్చి, ఖరీఫ్ ఆరంభానికి ముందే స్త్రీ శిశు సంక్షేమ శాఖకు, గ్రామ సమాఖ్యలకు అందజేయవచ్చు. నీటి విడుదల ఆలస్యమైనప్పుడు సవరించిన పట్టికను కూడా అదే విధంగా పంపాలి. మహిళా రైతులకు శిక్షణ ఏర్పాటు చేసే ప్రతి సందర్భంలో పిల్లల కొరకు ఒక గది, ఒక సంరక్షకురాలిని ఏర్పాటు చేయడం ఖర్చులేని ఆరంభం. పసిబిడ్డల తల్లులు శిక్షణకు రాకపోవడాన్ని ఆసక్తి లేకపోవడంగా భావించడం పొరపాటు.

గ్రామీణ వ్యవసాయ పని అనుభవ కార్యక్రమంలో విద్యార్థులు గ్రామ వనరుల పటం, రుతు పట్టిక గీస్తారు. రుతు పట్టికలో వర్షపాతం, పంటలు, పశుగ్రాసం, రోగాల వరుసల కింద ‘పిల్లలను ఎవరు చూస్తున్నారు’ అన్న మరొక వరుసను చేర్చి స్త్రీలను అడిగితే ప్రతి నెలకూ వేరువేరు సమాధానాలు వస్తాయి. వనరుల పటంలో బావులు, కుంటలు, కాలువలతో పాటు పిల్లలు పగలు గడిపే చోట్లను గుర్తిస్తే ప్రమాద స్థలాలు స్పష్టమవుతాయి. సేద్య విజ్ఞాన విభాగం, సముదాయ విజ్ఞాన కళాశాలలోని మానవ అభివృద్ధి విభాగం కలసి స్నాతకోత్తర పరిశోధనకు చేపట్టదగిన అంశాలు ఇందులో ఎన్నో ఉన్నాయి. సంరక్షణ ఏర్పాటు ఉన్న, లేని గ్రామాల్లో నాట్ల సకాలత, స్త్రీల పనిదినాలు, పిల్లల బరువు, అక్కల బడి హాజరు – ఈ నాలుగింటినీ ఒకే పట్టికలో పరిశీలించడం వాటిలో మొదటిది.

సకాలంలో నాటు, సకాలంలో కలుపుతీత అని చేసే ప్రతి సిఫారసు కొన్ని లక్షలమంది తల్లుల పగటి వేళలను నిర్దేశిస్తున్నది. ఆ వేళలను నిర్దేశించిన శాస్త్రమే ఆ వేళల్లో బిడ్డల క్షేమాన్ని కూడా ప్రణాళికలో చేర్చడం దాని బాధ్యతలో భాగమే. రాబోయే ఖరీఫ్ పంట ప్రణాళికలో ఈ ఒక్క వరుసను చేర్చడంతో దీనికి శ్రీకారం చుట్టవచ్చును.